జూలై సంచిక

ఏమండీ,

పడవవాడు కేకేస్తున్నాడు, చెల్లెలి పురిటికి నిడదవోలు వెళ్తున్నాను. ఉట్టి మీద చేపల పులుసుంది, అన్నం మీరే వార్చుకోండి. పెట్టెలో మీరు దాచిన పిల్లల పత్రికలకి చెమ్మ పట్టింది, ఎండలో వేయండి.

వాటిలో నెలనెలా వచ్చిన ఆ బాతుపిల్ల కథంతా ఒకచోట చేర్చి కుట్టించడానికి, 1893 జూలై సంచిక కోసం రేపు రాజమండ్రి వెళ్తానన్నారు. వెళ్లకండి. అది మన ఎస్తేరు శవపెట్టెలో, దాని చేతికింద ఉంది. నేనే పెట్టాను.

జ్వరంలో కూడా "తప్పిపోయిన బాతుపిల్ల ఇల్లు చేరిందా అమ్మా?" అని అడిగేది కదా. ముగింపున్న ఆగస్టు సంచిక వచ్చిన రోజే పోయింది. అదే అనుకుని జూలైది పెట్టేశాను. ఆ రోజు నా కళ్లకి అక్షరాలు ఆనలేదండి. వారం పోయాక పత్రికల పెట్టెలో ఆగస్టుది కనబడింది. అప్పట్నించీ మీతో చెప్పలేక చస్తున్నాను.

కాగితాల కోసం ఊళ్లన్నీ తిరిగారు గానీ, ఈ మూడేళ్లలో దాని సమాధి దగ్గరికి ఒక్కసారీ వెళ్లలేదు మీరు.

రాహేలు

ఆదివారం ఆరాధన అయ్యాక ఆగస్టు సంచిక అక్కడికి పట్టుకెళ్లండి. మీరు చదివితేనే వినేది. బాతుపిల్ల ఇల్లు చేరిందని దానికి ఇంకా తెలీదు.