వేడి గాజు

అక్కా,

ముందే చెబుతున్నా, కంగారు పడకు. బుడ్డది బాగానే ఉంది. కుడిచేతి వేళ్ళు బొబ్బలెక్కాయి. వెంటనే కుళాయి కింద పెట్టించాను, డాక్టరుకీ చూపించాను. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి ఈ ఉత్తరం దాని సంచిలో పెట్టి పంపుతున్నాను.

ఇవాళ ల్యాబులో పిల్లలు మైలుతుత్తం వేడి చేశారు. "జారితే జారనివ్వండి, పగిలితే పగలనివ్వండి, మీరు మాత్రం వెనక్కి తగ్గండి" అని స్పిరిట్ దీపాలు వెలిగించకముందే గొంతు చించుకుని చెప్పాను. పట్టుకారు వదులై నీ కూతురి పరీక్షనాళిక జారింది. పక్కనున్న పిల్లలు తగ్గారు. అది మాత్రం ఒట్టి చేత్తో పట్టేసుకుంది. "వదిలెయ్యవే!" అని అరిచాను. వదల్లేదు. నా బల్ల దాకా మోసుకొచ్చి, స్టాండులో నిలబెట్టి, అప్పుడు ఏడ్చింది.

"ఎందుకు వదల్లేదే?" అన్నాను.

బళ్ళో నన్ను ఎప్పుడూ టీచరనే పిలుస్తుంది. ఇవాళ మాత్రం, "పగిలితే అమ్మకి చెప్తావు కదా పిన్నీ" అంది.

వేడి గాజూ చల్లటి గాజూ కంటికి ఒకేలా ఉంటాయి అక్కా. పట్టుకున్న చేతికి తెలుస్తుంది. దానికీ తెలిసింది. తెలిసే పట్టుకుంది.

మొన్న కప్పు పగలగొట్టిందని రెండ్రోజులు దానితో మాట్లాడలేదటగా నువ్వు?

నన్ను తిట్టుకో, పర్లేదు. దాన్నేమీ అనకు. రేపు దాని ఎదురుగా గాజు గ్లాసొకటి కావాలనే జారవిడువు. అది కింద ముక్కల వైపు చూడదు, నీ మొహంలోకి చూస్తుంది. అప్పుడు జాగ్రత్త అక్కా.

నీ చెల్లెలు