ముందుకు జరిపిన సీటు

అక్కా,

నేను బాగానే ఉన్నాను, బాగాలేనిది కారే. మొన్న బావ నడుపుతుంటే రాయి తగిలి ముందద్దం పగిలింది. ఆయనకు లైసెన్సు లేదు కదా, నీ మొహం చూసి, నడిపింది నేనేనని ఇన్సూరెన్సు కాగితంలో రాశాను. నిన్న నష్టం చూడ్డానికి ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చి నన్ను డ్రైవరు సీట్లో కూర్చోమన్నాడు. పొట్టి బావ ముందుకు జరుపుకున్న సీటును ఇద్దరమూ వెనక్కి నెట్టడం మరిచాం. నా మోకాళ్లు స్టీరింగు కింద ఇరుక్కున్నాయి.

"ఇలాగే నడిపారా?" అన్నాడు సర్వేయరు.

పక్కనున్న బావ, "నాకేం తెలుసండీ, కారు మా బామ్మర్దిది" అన్నాడు.

క్లెయిము పోయింది, అబద్ధాలకోరన్న పేరు నాకు మిగిలింది. బావ సాయంత్రమే బస్సెక్కాడు. నా కారు రెండో తాళంచెవి ఆయన జేబులో ఉంది, తీసి పంపించు. నీ నడుంనొప్పి తగ్గిందా? పిల్లలకు ముద్దులు. బావను అడిగానని చెప్పమని మాత్రం ఈసారి రాయను.

నీ తమ్ముడు