ఒంటిగంటకి ఖాళీ లేదు

బుజ్జీ,

నేను డ్యూటీకి వెళ్తున్నా. నీ ఫోన్‌ని ఆఫీసు క్యాలెండర్‌తో కలిపేశాను, ఛార్జింగ్‌లో ఉంది. పైన గుండ్రంగా తిరిగేది ఆగేదాకా వైఫై కట్టెయ్యకు. తర్వాత ఈ వారం ఏ బిల్డింగులో ఏ లిఫ్టు చూడాలో అన్నీ వచ్చేస్తాయి.

మీ అన్నయ్య ఉద్యోగమే నీకిచ్చారు కదా, క్యాలెండర్ కూడా ఆయనదే ఇచ్చారు. ఎలా కలపాలో చూద్దామని నిన్న ముందు ఆయన పాత ఫోన్లో చేశాను. మనిషి పోయి ఏడాది కావస్తున్నా ఆయన పెట్టుకున్నవి ఇంకా మోగుతున్నాయి. రోజూ ఒంటిగంటకి "ఇంటికి ఫోన్" అని ఒకటుంది. ఇన్నాళ్ళూ నేను గుర్తొచ్చి చేసేవారనుకున్నా. చూడగానే ఒళ్ళు మండింది. తెరిస్తే, ఒంటిగంట నుంచి అరగంటసేపు ఆఫీసువాళ్ళెవరూ పని చెప్పకుండా "ఖాళీ లేదు" అని పెట్టుకున్నారు.

దాన్ని మాత్రం చెరపకు. నీ ఫోన్లో తీసేస్తే ఆయన ఫోన్లోనూ పోతుంది. నీకు ఇబ్బందైతే శబ్దం ఆపుకో.

వదిన

నిన్న ఒంటిగంటకి అది మోగగానే తడిచేతులతో పరిగెత్తి ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "ఇప్పుడే తిన్నానండీ" అనేశాను. అత్తయ్యతో అనకు.