బాలమణి విన్న చప్పుడు

పటేల్‌గూడ,
ఆదివారం మధ్యాహ్నం.

అప్పకు,

నీ చెల్లెలు సుజాత దండాలు పెట్టి రాసుకుంటున్నది. ఇక్కడ నేనూ, నీ మరిదీ, చంటిదీ బాగున్నాం. నువ్వూ, బావా, పిన్నీ ఎలా ఉన్నారు? బావ భుజం నొప్పి తగ్గిందా? గోడ మీద వేళ్లు పాకించమన్నాను కదా, చేయిస్తున్నావా, లేక ఆయన మూలిగితే జాలిపడి ఊరుకున్నావా? చేయించు. ఎముకల డాక్టరు మరదలై ఉండగా ఆయన చెయ్యి పైకి లేవకపోతే నాకు పరువు తక్కువ.

విజయనగరం కాలేజీలో పోస్టు ఖాళీగా ఉందని, అప్లికేషన్ పెట్టమని రాశావు. పెట్టలేదప్పా. కోప్పడకు. మీ బొబ్బిలికి గంట ప్రయాణంలో ఉండొచ్చని నాకూ మనసు లాగింది. అయినా ఎందుకు పెట్టలేదో చెబుతాను, చదివాక తిట్టు.

ఇక్కడ చలి మొదలైంది. గాలి ఇటు తిరిగితే మందుల ఫ్యాక్టరీల వాసన వస్తుంది. మొదట్లో తలనొప్పి వచ్చేది, ఇప్పుడు కిటికీ వేసుకుని మా పని చూసుకుంటున్నాం. జొన్నరొట్టె నాకూ చేతనైంది. మా ఇంటావిడ "గట్ల గాదమ్మా, జెర మెల్లగ ఒత్తాలె" అంటూ నా చెయ్యి పట్టి నేర్పింది. గుండ్రంగా రాదు గానీ, విరగదు. వచ్చిన కొత్తలో సాయంత్రమైతే దిగులేసేది, ఇప్పుడు లేదు. నిజంగానే లేదు. నీకు ధైర్యం చెప్పడానికి రాస్తున్న మాట కాదు.

ఇక పని సంగతి. మా ఆసుపత్రికి వచ్చేవి ఎక్కువగా మోకాలి కింది ఎముక, ఇక్కడివాళ్ల మాటలో బొక్క, విరిగిన కేసులు. హైవే మీద బండ్లు పడతాయి, ఫ్యాక్టరీల్లో బరువులు జారుతాయి. చర్మం చీల్చుకుని ఎముక బయటికొచ్చిన కాళ్లు కొన్ని తొందరగా అతుకుతాయి, కొన్ని ఎంతకీ అతకవు. ఎందుకో తేల్చి పేపర్ రాయాలని నా పరిశోధన. చాలావరకు రాశాను కూడా. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆపరేషన్ అయిన వాళ్లలో చాలామంది మళ్లీ చూపించుకోవడానికి రాలేదు. మా ప్రొఫెసర్‌గారు మంచివారే గానీ తొందర మనిషి. "రానోళ్లను తీసెయ్యమ్మా. ఉన్నోళ్లతోటి రాసి పంపు, జల్దీ అచ్చయితది" అన్నారు.

నాకు మనసొప్పలేదు. రానివాళ్లు బాగైపోయి రాలేదా, కుంటుతూ రాలేకపోయారా తెలియకుండా ఏం రాస్తాను? అందుకని ఆదివారాలు నీ మరిది స్కూటరు వెనక కూర్చుని వాళ్లను వెతకడం మొదలుపెట్టాను. "పెళ్లినాడు ఇలా తిరగాలని చెప్పలేదే" అని గొణుగుతూనే పెట్రోలు పోయించుకునేవారు.

వెలిమెలలో ఒకతను కొత్త ఇళ్ల దగ్గర నిచ్చెనెక్కి రంగులు వేస్తూ కనిపించాడు. ఎందుకు రాలేదంటే, "మంచిగైనంక దవాఖానకు ఎందుకు మేడమ్?" అని నవ్వాడు. బిహార్ వెళ్లిపోయిన ఇంకొకతను వీడియో కాల్‌లో "దేఖియే మేడమ్" అంటూ బర్రె వెనకాల పరుగెత్తి చూపించాడు. నీ మరిది పగలబడి నవ్వారు. నాకు మాత్రం నా పేపర్ గుర్తొచ్చింది. బాగున్నవాళ్లు ఆసుపత్రికి రారు, బాగులేనివాళ్లే వస్తారు. వచ్చినవాళ్లనే చూసి, ఈ ఎముక సరిగ్గా అతకదని రాసేయబోయాను కదా!

అందరిదీ అలా లేదు. బాలమణిది కంది అనే ఊళ్లో కూలి కుటుంబం. తను ఫ్యాక్టరీలో ఊడ్చే పని చేసేది. లారీ తగిలి కాలు విరిగితే నేనే రాడ్డు వేశాను. ఎముక అతకలేదు, ఇంకో ఆపరేషన్ చేసి లావు రాడ్డు వేయాలని చెప్పిన రోజు నుంచి మళ్లీ కనిపించలేదు. వెళ్లేసరికి గుమ్మం ముందు స్టూలు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కాలి కింద దిండు ఉంది. నన్ను చూసి లేవబోయి, లేవలేక కూలబడింది.

"ఇంటిదాంక వచ్చిన్రా డాక్టరమ్మా! నేను మాత్రం రాను. మీరేమన్న అనుకోన్రి."

ఆమె మొగుడు నర్సింలు లోపలినుంచి వచ్చాడు. "ఎంత చెప్పినా ఇంటలేదు మేడమ్. పొద్దుమాపు గీ కాలు సూస్కుంట ఏడుస్తది, దవాఖాన అంటే మాత్రం ఒర్రి లొల్లి జేస్తది."

నొప్పికి భయమా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. కాయలు ఒలుస్తూనే మెల్లగా చెప్పింది.

"నొప్పి ఏం తెల్వలేదమ్మా. నడుముల సూదిచ్చిన్రు, కాళ్లు మొద్దుబారినయ్. గని చెవులు మొద్దుబారలే గద. సుత్తెతోటి కొడ్తుంటే ఠంగ్ ఠంగ్ అని ఇన్న. నా బొక్కలనే కొడ్తున్రని ఎరికైతుంటే పానం పోయినట్టయింది. గిప్పటికీ ఎవరన్న ఇనుము కొడ్తే నా కాలు గుంజుతది."

రాడ్డును సుత్తితో కొట్టి ఎముక లోపలికి దించుతామప్పా, అది సరిగ్గా కూర్చుంటే చప్పుడు మారుతుంది. ఆ మార్పు చెవికి తగిలితే నాకెంత సంతోషమో! చెవులు రిక్కించి వినమని నా దగ్గర చదువుకునే డాక్టర్లకూ చెబుతాను. తెరకు అవతల కళ్లు తెరుచుకుని పడుకున్న మనిషి కూడా అదే వింటుందని ఇన్నేళ్లలో నాకు తట్టలేదు.

"ఈసారి పూర్తిగా నిద్రపోయేలా మత్తిద్దాం. ఏమీ వినపడదు" అన్నాను.

"ఒట్టేనా? గప్పుడు మీరు నా పక్కనుంటరా?"

"నువ్వు నిద్రపోయేదాకా నీ చెయ్యి వదలను."

వచ్చింది. మత్తు డాక్టరు గుండె, ఊపిరి పరీక్షించి సరేనన్నారు. ఆమె వేళ్లు సడలేదాకా చెయ్యి పట్టుకుని, అప్పుడు వెళ్లి చేతులు కడుక్కున్నాను. పాత రాడ్డు తీసి లావుది వేశాను. మెలకువ వచ్చాక ఆమె మొదటి మాట, "షురూ జేసిన్రా?" నర్సింలు ఏడుస్తూ నవ్వాడు. "అయిపోయిందే, పిచ్చిదానా!"

ఆ తర్వాత ప్రతి ఎక్స్‌రేకీ నాకు పరీక్ష ఫలితం చూసుకున్నట్టే ఉండేది. మొదట ఏమీ లేదు. తర్వాత విరిగినచోట సన్నని తెల్లని మసక. పోయిన వారం చూస్తే ఎముక ఈ చివరనుంచి ఆ చివరకి కలిసిపోయింది. ప్రొఫెసర్‌గారు ఫిల్ము వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు. "పేపర్ తొందరపెట్టి నిన్ను పరేషాన్ చేసిన. ఆగుడే మంచిగైందమ్మా" అన్నారు.

పేపర్ అప్పటికే మళ్లీ మొదటినుంచి రాశాను. జర్నల్ వాళ్లు కొన్ని దిద్దుబాట్లు అడిగారు, చేసి పంపాను. వేసుకుంటామని జవాబొచ్చింది. ఆపరేషన్‌కు ముందు ప్రతి మనిషినీ, చప్పుళ్లంటే భయమా, నిద్రపోతావా, చెవుల్లో పాటలు పెట్టమంటావా అని మా విభాగంలో అందరం అడుగుతున్నాం. దీని మీదే ఇంకో పరిశోధన మొదలుపెట్టమన్నారు ప్రొఫెసర్‌గారు. ఇప్పుడు ఇది వదిలి ఎలా రమ్మంటావు? సెలవులకు మాత్రం తప్పకుండా వస్తాం.

ఎవరైనా ఇటు వస్తుంటే గుమ్మడి వడియాలు పంపు. ఇక్కడివి ఆ రుచి లేవు. చంటిదానికి పాత చీరల బొంత ఒకటి కుట్టించు.

పోయిన వారం ఆ ఎక్స్‌రే చూసి అతికిందని చెప్పాక, బాలమణి కర్ర గోడకు ఆనించి వరండా ఆ చివరిదాకా నడిచింది. అక్కడ స్ట్రెచర్ మీద తొడ విరిగిన ముసలమ్మ ఆపరేషన్ కోసం వణికిపోతూ ఉంది. బాలమణి వంగి ఆమె చెయ్యి పట్టుకుంది.

"భయముంటే నిద్రమత్తు అడుగు పెద్దమ్మా. అడిగితే ఇస్తరు. మా డాక్టరమ్మ చెప్తే ఇంటది."

నేను వెనకే నిలబడి ఉండటం ఆమె చూడలేదు.

పిన్నికి, పెద్దలందరికీ నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నువ్వూ బావా మమ్మల్ని మనసారా దీవించండి.

నీ చెల్లెలు,
సుజాత