గోస్తనీ ఒడ్డున చేపలు తోమే బండ

విశాఖపట్నం, జూన్ 3

భీమిలి చేపల రేవులోని మైలపల్లి నూకరత్నం గారికి,
నదీతీర వారసత్వ సంఘం కార్యదర్శి దేవీప్రసాద్ నమస్కరించి రాసేది.
గోస్తనీ ఒడ్డున మీరు చేపలు తోమే బండ డచ్చివారి కాలపు రేవు మెట్టని మా సంఘం అభిప్రాయం. దాన్ని మ్యూజియానికి తరలిస్తాం. ఈలోగా దాన్ని వాడకండి.
భవదీయుడు,
దేవీప్రసాద్
తా.క.: పొలుసులు కడిగించి ఉంచగలరు.

భీమిలి, జూన్ 9

దేవీప్రసాద్ బాబుగారికి నూకరత్నం దండాలు.
మా అత్త తోమింది ఆ బండ మీదే. ఇరవై రెండేళ్ళుగా నేనూ తోముతున్నాను. ఆ గరుకు సిమెంటు గట్టుకి రాదు. బండ పోతే నా బేరమూ పోతుంది. అయినా అది మెట్టు కాదు బాబూ, అమ్మవారు. పసుపూ బొట్టూ ఉన్నాయి, మనిషిని పంపి ఫోటో తీయించుకోండి.
మీ నూకరత్నం
తా.క.: ఫోటో తీసే అబ్బాయిని చెయ్యి పెట్టొద్దనండి. పసుపు ఇంకా ఆరలేదు.

విశాఖపట్నం, జూన్ 16

నూకరత్నం గారికి నమస్కారాలు.
ఫోటో చూసి మా అధ్యక్షులు రమణమూర్తి గారు లేచి నిలబడి దండం పెట్టారు. బండను కదపరాదని తీర్మానించాం.
భవదీయుడు,
దేవీప్రసాద్
తా.క.: వారి భార్య శుక్రవారం వస్తున్నారు. నైవేద్యానికి చక్కెర పొంగలి చాలునా?

భీమిలి, జూలై 2

బాబుగారికి దండాలు.
కొంప ముంచారు. ఆవిడ వచ్చి వెళ్ళాక కంచరపాలెం నుంచి కూడా ఆటోల్లో జనం వస్తున్నారు. నేను చేపల తట్ట దించబోతే మా ఆడబిడ్డే అడ్డం పడింది. “అమ్మోరి మీద నీసేటే?” అంది. పది రోజులుగా బేరం లేదు, ఏడుపొస్తోంది. ఆ పసుపు రాసింది నేనే, మీకు భయపడి. అది మామూలు బండ అని ఒక కాగితం ఇప్పించండి.
మీ నూకరత్నం
తా.క.: ఇంట్లో మూడు పూటలా కొబ్బరి పచ్చడే.

విశాఖపట్నం, జూలై 8

నూకరత్నం గారికి,
మీ నిజాయితీ మెచ్చుకోదగినది. అది మామూలు బండ మాత్రమేనని సంతకం చేసి, ముద్ర వేసి ధ్రువపత్రం పంపుతున్నాను. అందరికీ చదివి వినిపించండి.
భవదీయుడు,
దేవీప్రసాద్
తా.క.: అధ్యక్షుల వారి భార్యకి మోకాళ్ళ నొప్పి తగ్గిందట. ఆవిడకి మాత్రం వినిపించకండి.

భీమిలి, జూలై 20

బాబుగారికి నూకరత్నం వెయ్యి దండాలు.
మీ కాగితం చదివించాను. దానికీ పసుపు రాసి బండ పక్కనే పెట్టారు. ఇంక మనుషులతో పని కాదనుకున్నాను. మంగళవారం జనం నిండుగా ఉన్నప్పుడు అమ్మవారు నా ఒంటి మీదికి వచ్చింది. “ఈ పొంగళ్ళు నాకొద్దే. రోజూ నా మీదే సేపలు తోమండి, ఆ నీసే నాకు నైవేద్యం” అంది. మొదటి వంజరం తెచ్చింది మా ఆడబిడ్డే. ఇప్పుడు భీమిలి అంతా నా దగ్గరే తోమించుకుంటోంది. చాలా సంతోషంగా ఉంది బాబూ.
మీ నూకరత్నం
తా.క.: నిజంగా పూనిందా అని అడక్కండి. బండని ఒక్కసారైనా చూడకుండా మీరు సంతకం పెడితే నేను అడిగానా?