వంకర తీగల బొమ్మ

చిరంజీవి అమ్మడికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ మీ నాన్నా క్షేమం. పోయిన రెండు ఉత్తరాల్లోనూ ఈ మాట అలవాటుకొద్దీ రాసేశాను గానీ, ఈసారి నిజంగానే క్షేమం. నువ్వూ, పసిదీ, అల్లుడుగారూ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం చదివాను. ఉత్తరమా అది, నిప్పుల కుంపటి! "పురిటప్పుడు నాటకాలున్నాయి, రాలేనన్నావు, సరే. ఇప్పుడు రావడానికేం? మనవరాలికన్నా నీకు ఆ వయొలినే ఎక్కువా?" అని అడిగావు. ఫోన్ చేస్తే ఎప్పుడూ నాన్నే ఎత్తుతారేం, ఈ కాలంలో ఈ ఉత్తరాలేమిటి అని కూడా అడిగావు. అన్నిటికీ జవాబు చెబుతాను. కాకపోతే నా పద్ధతిలో చెప్పనీ. కాగితాలు తిప్పేసి చివరికి వెళ్లకు, నీ బుద్ధి నాకు తెలుసు.

ముందు చిన్న ప్రశ్నలు. బిడ్డకి ఎక్కిళ్లు వస్తే కంగారుపడకు, భుజాన వేసుకుని వీపు నిమురు. రాత్రి ఏడిస్తే అల్లుడుగారిని కూడా లేపు, ఆయనేం అరిగిపోరు. మీ నాన్న వంట నేర్చుకున్నారు. అంటే గిన్నెలు మాడ్చడం నేర్చుకున్నారు. తోమడం ఇంకా నేర్చుకోవాలి.

ఇక అసలు సంగతి. మా నాటకశాల పైకప్పు బాగుచేస్తున్నారు. రిహార్సల్ లేకపోయినా వాద్యబృందమంతా వచ్చి తీరాలని మమ్మల్ని నడిపే పెద్దాయన హుకుం. వచ్చి, వెనక గదిలో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాం. తెరలకి రంగులు వేసే ఆయన మమ్మల్ని చూసి జాలిపడి, మిగిలిపోయిన రంగు డబ్బాలూ, కుంచెలూ, అట్టలూ తెచ్చి మా మధ్య కుమ్మరించాడు. "ఊరికే కబుర్లెందుకండీ, ఎవరి వాయిద్యం బొమ్మ వాళ్లు వేసుకోండి" అన్నాడు.

చూడాలి తల్లీ ఆ సంబరం! జుట్టు నెరిసినవాళ్లు కూడా నాలుక బయటపెట్టి మరీ బొమ్మలు వేశారు. క్లారినెట్ ఆయన ఇన్నేళ్లుగా వాయిస్తున్నాడా, దాని మీద మీటలు ఎన్నో చూడకుండా చెప్పలేకపోయాడు. ట్రంపెట్ ఆయన తన వాయిద్యానికి పడిన సొట్టని కూడా ముద్దుగా దిద్దాడు. నిలబడి వాయించే పెద్ద వయొలిన్ ఉంటుంది చూడు, దాన్ని వాయించే ఆయన అట్ట చాలక ఇంకో అట్ట అతికించుకున్నాడు. చాలామంది తమ వాయిద్యాన్ని వాయించేటప్పుడు తమకి కనిపించే వైపు నుంచే వేశారు. జనానికి కనిపించే వైపు మాకు అసలు తెలియదని ఆవేళే తెలిసింది.

నేను నా వయొలిన్‌ని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి వేశాను. పొట్ట బాగా వచ్చింది, తేనెరంగు కూడా కుదిరింది. తీగల దగ్గరికొచ్చేసరికి, కనబడింది కనబడినట్టు గీశాను. పైనుంచి తిన్నగా వచ్చి, మధ్యలో పాములా మెలిక తిరిగి, మళ్లీ తిన్నగా.

ఫ్లూట్ అమ్మాయి పకపకా నవ్వింది. "అక్కా, మీ తీగలు నడుం నొప్పితో వంగిపోయాయా?"

నాకు ఒళ్లు మండింది. "ఉన్నదే వేశాను. దీని మెడ వంకరపోయిందని నెత్తీనోరూ కొట్టుకుంటున్నా వినేవాడేడీ?" అన్నాను.

నిజమే మరి. అప్పటికే వయొలిన్లు బాగుచేసే ఆయన దుకాణానికి పదేపదే వెళ్లి పోట్లాడాను. ఆయన ఇనప స్కేలు ఆనించి "తిన్నగా ఉందమ్మా, చూడండి" అంటే, "మీ స్కేలే వంకర" అని వచ్చేశాను. సంగీతం కాగితాల మీద గీతలు అలలు తిరిగితే అచ్చువేసినవాణ్ణి తిట్టుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్న మాట వినడమే గానీ, అది నేనేనని అనుకోలేదు.

అందరూ నవ్వుతున్నారు గానీ పెద్ద వయొలిన్ ఆయన నవ్వలేదు. దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు: "చెల్లెమ్మా, తీగ అలా మెలిక తిరిగితే శ్రుతి నిలుస్తుందా?"

"నిలవదు."

"మరి నీ శ్రుతి నిలుస్తోందే! పొద్దున కూడా విన్నాను. ఒక్కసారి కుడికన్ను మూసి ఆ తలుపు వైపు చూడు."

మూశాను. తలుపు మధ్యలో వంగిపోయింది. ఎడమకన్ను మూసి చూస్తే తలుపు తిన్నగా నిలబడింది. మళ్లీ మళ్లీ కళ్లు మార్చి చూశాను.

"మా అమ్మకి గోడలు వంగాయి. మేమంతా నవ్వాం," అన్నాడాయన. "నువ్వు ఇప్పుడే డాక్టరు దగ్గరికి పద."

తనే వెంటపెట్టుకుని తీసుకెళ్లాడు. చేతిలో తడి ఆరని బొమ్మ. కళ్ల డాక్టరమ్మ ఆ బొమ్మ చూసి, "పరీక్ష మీరే చేసుకొచ్చారే!" అంది. ఎడమ కంటి వెనక పొరలో నీరు చేరిందట. ఆలస్యం చేసి ఉంటే నడిమి చూపు మొత్తం పోయేదట. కంట్లో సూది వేస్తానంటే నాకు పైప్రాణాలు పైనే పోయాయి. తీరా వేస్తే, నువ్వు చిన్నప్పుడు పలకతో నా నుదుటి మీద కొట్టిన దెబ్బ ఇంతకన్నా నొప్పి.

వరసగా సూదులు పడ్డాయి. నిన్న ఆఖరి పరీక్ష. పరీక్ష కాగితం మీద గీతలన్నీ తిన్నగా నిలబడ్డాయమ్మా! డాక్టరమ్మ ఇక భయం లేదంది, అప్పుడప్పుడూ వచ్చి చూపించుకుంటే చాలంది. బయటికొచ్చి వీధిలో కనిపించిన ప్రతి స్తంభాన్నీ ఆగి చూశాను. మీ నాన్న సిగ్గుతో పక్కకి తప్పుకున్నారు. అట్నుంచటే దుకాణానికి వెళ్లి ఆ స్కేలాయనకి క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన ఆ బొమ్మ అడిగి తీసుకుని గోడకి తగిలించాడు, పోట్లాటకొచ్చేవాళ్లకి చూపిస్తాడట.

పచ్చి బాలింతవి, బెంగపడి పాలు ఇంకిపోతాయని నీకు చెప్పలేదు. ఫోన్లో అయితే నా గొంతు ఇట్టే పట్టేస్తావని ఉత్తరాలకి దిగాను. నాన్నని ఏమీ అనకు, నేనే ఒట్టు వేయించుకున్నాను.

కానీ రాకపోవడానికి కారణం అదొక్కటే కాదు. రాయాలంటే చెయ్యి ఆడడం లేదు, అయినా రాస్తాను.

ఈ బొమ్మల గొడవకి ముందే బిడ్డ ఫోటో పంపావు కదా. కవరు విప్పి చూశాను. ముక్కు వంకరగా ఉంది. "అయ్యో, మన వియ్యపురాలి ముక్కు వచ్చిందండీ" అన్నాను మీ నాన్నతో. (ఈ మాట ఆవిడకి చెప్పావంటే చంపేస్తాను.) మళ్లీ చూస్తే పెదవి కూడా పక్కకి లాగినట్టుంది. కాన్పులో ఏదో జరిగిందనీ, మీరంతా కూడబలుక్కుని నా దగ్గర దాస్తున్నారనీ అనుకున్నాను. మీ నాన్న "బంగారుబొమ్మలా ఉందే" అంటే, ఓదారుస్తున్నారనుకున్నాను. ఎలా అడగను తల్లీ నిన్ను? వచ్చి, ఆ మొహం చూసి, నీ ముందు నా మొహం ఎలా పెట్టుకోవాలో తెలియక ఆగిపోయాను. ఫోటో గురించి నీకు ఒక్క ముక్క కూడా రాయలేదు. అందుకే.

మొదటిసారి డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన ఆ సాయంత్రం, చెప్పులైనా విడవకుండా ఫోటో తీశాను. ఎడమకన్ను అరచేత్తో మూసుకుని చూశాను. తిన్నటి ముక్కు. చక్కటి నోరు. గడ్డం మీద నీ సొట్ట. గుమ్మంలోనే చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చాను. మీ నాన్న కన్ను గురించే ఏడుస్తున్నాననుకుని "తగ్గిపోతుందే, తగ్గిపోతుంది" అని ఒకటే ఓదార్పు. నాకు నా కన్ను గుర్తుంటే కదా! బిడ్డ బాగుంది, అది చాలు, కన్ను ఉంటే ఉంది పోతే పోయింది అనిపించింది.

తర్వాత మాత్రం ఆశ పుట్టింది. దాన్ని మొదటిసారి చూసేది రెండు కళ్లతోనూ చూడాలని పట్టుబట్టి కూర్చున్నాను.

ఆదివారం పొద్దుటి బండికి వస్తున్నాను. స్టేషన్‌కి అల్లుడుగారిని పంపకు, దారి నాకు కనిపిస్తుంది. నన్ను తిట్టాలని నువ్వు దాచుకున్నవన్నీ తిట్టు, పడతాను. కాకపోతే ముందు బిడ్డని నా ఒళ్లో వెయ్యి.

ఇట్లు,
మీ అమ్మ,
దాని అమ్మమ్మ