దర్శిని దవడ పన్ను

జనవరి 5, సోమవారం

దర్శిని స్కూలుకు ఇవాళ పళ్ళ డాక్టర్ల బండి వచ్చిందట. మూడో తరగతి పిల్లలందరినీ నోరు తెరిపించి చూశారు. మా దానికి ఒక చీటీ ఇచ్చి పంపారు — కింద కుడివైపు, చిట్టచివరి దవడ పన్నులో పుచ్చు, వెంటనే పూడ్పించాలి. సర్కారు ఆస్పత్రిలో అంతా ఉచితం. ఇరవయ్యో తేదీ రమ్మని వాళ్ళే రాసి పెట్టారు.

టార్చి వేసి చూశాను. ఆవగింజంత నల్ల చుక్క. దీనికింత హడావుడా అనిపించింది.

జనవరి 6

పని నుంచి వస్తూ సింగానల్లూరులో బస్సు దిగి, పక్కనే ఉన్న క్లినిక్‌లో ఊరికే అడిగాను. ఇరవై దాకా ఆగకుండా అయిపోతుందేమోనని. అక్కడి అమ్మాయి చెప్పిన రేటు విని నవ్వొచ్చింది. పంపు మోటార్లకు కాయిల్ చుట్టే దాన్ని, ఎన్ని మోటార్లు చుడితే అంత వస్తుందో లెక్క కూడా వేయలేదు. సర్కారు ఇస్తానంటుంటే మనకెందుకు.

జనవరి 7

అత్తకు చీటీ సంగతి చెప్పాను.

"అది పాలపల్లు గదా. రేపో మాపో పడిపోతాది. పడిపోయేదానికి వైద్యం ఏంటికి?"

ఈవిడకు తెలియనిది లేదు. అయినా ఆ మాట నాకూ సబబుగానే తోచింది. ముందు పళ్ళు అన్నీ ఊడి వచ్చినవే కదా.

జనవరి 9, శుక్రవారం

పళని మురుగయ్య మాల. తైపూసం పండక్కి ఏటా మా ఆయన వేసుకునేదే. ఈసారి దర్శిని కూడా — పసిబిడ్డగా ఉన్నప్పుడు జ్వరం తగ్గితే మాల వేసి కొండ ఎక్కిస్తానని అత్త మొక్కుకుంది. ఇల్లంతా కడిగాను. గుడ్డు, చేప బంద్. బిడ్డ చెప్పుల్లేకుండా స్కూలుకు పోతుంది. మెడలో మాలతో ముద్దుగానే ఉంది, నిజం చెప్పాలంటే.

జనవరి 18

అన్నాల దగ్గర — "ఎల్లుండి ఆస్పత్రికి పోవాల" అన్నాను.

అత్త తల ఎత్తకుండానే — "మాల ఉండే బిడ్డ నోట్లో నెత్తురు కారితే తీట్టు. మురుగయ్య ఊరికే ఉంటాడా?"

మైల మాట ఎక్కడొచ్చింది, పూడ్చడానికి నెత్తురెందుకు కారుతుంది అన్నాను.

"మిషను పెట్టినాక ఏమన్నా అవుతాది."

ఆయన వైపు చూశాను. ఆయన అప్పళం విరుచుకుంటూ — "మాల తీసినాక చూసుకొందాము లే."

మాల వేసుకున్న మనిషితో గొడవ పడకూడదట. ఎంత సుఖమో ఈ మగవాళ్ళకు. ఇంట్లో అందరూ తమిళం బడి చదువులే, ఇంకెవరికీ తెలుగు చదవడం రాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను: చాలా కోపంగా ఉంది.

జనవరి 20

పోలేదు. కాయిల్ చుట్టడానికే పోయాను. సూపర్‌వైజర్ — "ఎన్నమ్మా, లీవు వేండామా?" వద్దన్నాను.

జనవరి 24

ఎడమ వైపే నములుతోంది. అడిగితే "ఏమీ లేదు" అంటుంది. వాళ్ళ నాయన పోలిక.

జనవరి 26

మధ్యాహ్నం ఏడ్చింది. అత్త లవంగం దంచి పెట్టింది. తగ్గింది. చూశావా అన్నట్టు నా వైపు ఒక చూపు.

ఫిబ్రవరి 1

తైపూసం. ఆయన నడిచి పోయాడు. అత్త, దర్శిని బస్సులో పోయి అక్కడ కలిశారు. నాకు పోకూడని రోజులు. ఫోనులో — "అమ్మా, మెట్లన్నీ నేనే ఎక్కినాను." గొంతు ముద్దగా ఉంది. నోట్లో ఏముందే అని అడిగాను. ఏమీ లేదంది.

ఫిబ్రవరి 3

వచ్చారు. మాలలు తీశారు. దర్శిని కుడి చెంప బన్ను దాచుకున్నట్టు ఉబ్బి ఉంది. అంత ఇష్టంగా తినే పంచామృతం, డబ్బా తెరిచి పెడితే తల తిప్పుకుంది. అత్తే మూత పెట్టేసింది.

ఫిబ్రవరి 4, బుధవారం

సర్కారు ఆస్పత్రి. చీటీ పాతదైనా తీసుకున్నారు. ఎక్స్‌రేకి కూడా పైసా అడగలేదు. డాక్టరమ్మ చిన్నపిల్ల. చీటీ మీద తేదీ చూసి, అప్పుడే ఎందుకు రాలేదని అడిగింది.

"పాలపల్లు అనుకొన్నాముంగ." మాల మాట నోట రాలేదు.

తిట్టలేదు. తమిళంలో నిదానంగా చెప్పింది. ఇది పాలపన్ను కాదు. ఆరేళ్ళప్పుడు, ఏదీ ఊడకుండానే, అన్నిటి వెనకా కొత్తగా వస్తుంది. అందుకే చాలామంది మీలాగే అనుకుంటారు. కడదాకా ఉండాల్సిన పన్ను. పోయిన నెల వచ్చి ఉంటే పూడ్చి పంపేవాళ్ళం. ఇప్పుడు వాపు తగ్గాక, వచ్చే బుధవారం తెరిచి చూడాలి. నిలుస్తుందనుకుంటే వేరు శుభ్రం చేస్తాం. లేదంటే పీకడమే. ఏది చేసినా ఉచితమే.

ఉచితమే. బస్సులో ఇంటిదాకా అదే మాట నమిలాను. పిలిచి ఇస్తామన్నదాన్ని తీసుకోవడం కూడా చేతకాలేదు మాకు.

అత్తకు చెప్పాను. ఊడుస్తున్న చీపురు పక్కన పెట్టింది. తర్వాత — "మల్లా మొలవదా?"

"మొలవదు అత్తా."

వంటింట్లోకి పోయింది. ఈ మాట ఆవిడ ముఖాన అనాలని పొద్దుటి నుంచి కాచుకుని ఉన్నాను. అన్నాక ఏమీ బాగోలేదు.

ఫిబ్రవరి 8

వాపు తగ్గింది. మాత్రలు అత్తే వేస్తోంది, గడియారం చూసి మరీ. ఆయన రెండుసార్లు దర్శిని నోట్లోకి టార్చి వేసి చూశాడు.

ఫిబ్రవరి 11, బుధవారం

ఆస్పత్రి బెంచీ మీద రాస్తున్నాను. అత్త తానూ వస్తానంది. వద్దనలేదు. దర్శిని మా ఇద్దరి మధ్య కూర్చుంది.

"అవ్వా, పీకినా మల్లా వస్తాది గదా?"

అత్త నన్ను చూసింది. నేను గోడను చూశాను. నువ్వే చెప్పు అనుకున్నాను. ఆవిడ బిడ్డ జుట్టు వెనక్కి సర్దింది, అంతే.

నర్సు పేరు పిలిచింది. "ఒరుత్తర్ మట్టుం" — కూడా ఒక్కరే రావాలి. నేను లేచాను. దర్శిని అవ్వ చెయ్యి పట్టుకుంది. అత్త ఆ వేళ్ళు విడదీసి నాకు ఇవ్వబోయింది. అది వదల్లేదు.

అవ్వా మనవరాలూ లోపలికి పోయారు, నేను మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాను. తలుపు ఇంకా తీయలేదు.